ఇలకూర రసంతో క్యాన్సర్ పోదు, చిన్నాన్నా

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ల ఫొటోతో ఒక మెసేజ్ వారం రోజులుగా మా బంధువుల గ్రూపుల్లో తిరుగుతోంది. ‘గట్ల మీద మొలిచే ఇలకూర పచ్చి రసం 41 రోజులు పరగడుపున తాగితే ఏ క్యాన్సరైనా పోతుంది. సైంటిస్టులు నిరూపించారు. సహజం కనక హాని లేదు. మందుల కంపెనీలు దాచిపెడుతున్నాయి.’ నిన్న మా చిన్నాన్నా పంపాడు. జవాబు ఆయనకే రాస్తున్నాను.

నిరూపించారా? పిసరంత నిజముంది. ఉప్పును తట్టుకోడానికి ఇలకూర, మడ లాంటి మొక్కలు ఫినాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు తయారుచేసుకుంటాయి. వాటి సారాన్ని ల్యాబుల్లో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే కొన్నిసార్లు కణాలు చస్తున్నాయి. గిన్నెలో కణాల్ని బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది. అంతెందుకు, సారంలోంచి ఉప్పు తియ్యకపోతే ఆ ఉప్పే చంపేస్తుంది. పేరు మాత్రం మొక్కకొస్తుంది! మంచి కణాల్ని వదిలేస్తుందా, మింగితే రక్తంలోకి చేరుతుందా, మనిషి తట్టుకుంటాడా అన్నవి ఆ తర్వాత తేలాలి. టాక్సాల్ అనే క్యాన్సర్ మందు దొరికిన యూ చెట్టు బెరడు సేకరించింది 1962లో. అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది 1992లో.

కంపెనీలు దాచడం మాటకొస్తే, మన పెరట్లో బిళ్ళగన్నేరు ఉంది కదా, దాన్నుంచే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీశారు. 1963 నుంచీ అమ్ముకుంటున్నారు. పనిచేసేదాన్ని దాచుకునే వ్యాపారి ఎక్కడున్నాడు?

ఆ విన్‌క్రిస్టినే ‘సహజం కనక హాని లేదు’ అన్నదానికీ జవాబు. పెద్దవాళ్లకైనా ఒక్కసారికి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. రక్తనాళంలోకే ఎక్కించాలి; పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణం పోతుంది. మడ అడవుల్లోని తిల్ల చెట్టు మీదా క్యాన్సర్ పరిశోధనలున్నాయి. దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. మరి అదీ తాగుదామా?

నాకు అసలు భయం వేరే. ఈ మెసేజ్ తిరుగుతున్నది ఉద్దానం పక్కన. కవిటి, సోంపేట, పలాస వైపు ఎంతమందికి కిడ్నీ జబ్బుందో మనవాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. ఇలకూర ఆకు నిండా సోడియం, అంటే ఉప్పు; దానికి తోడు కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు. దెబ్బతిన్న కిడ్నీకి రెండూ బరువే. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులూ కిడ్నీనే దెబ్బతీస్తాయి. అది ఎక్కించుకుంటున్న మనిషి చాటుగా ఈ రసం తాగితే డాక్టరుకు ఏం అర్థమవుతుంది?

కూరగా వండుకుంటే తప్పులేదు చిన్నాన్నా. అమ్మమ్మ ఇలకూర వండేటప్పుడు రెండుసార్లు ఉడకబెట్టి ఆ నీళ్లు పెరట్లో పారబోసేది, గుర్తుందా? నువ్వు పంపిన మెసేజ్ తాగమంటున్నది ఆ నీళ్లతో పోయే ఉప్పునే.