జాకో ఎడమచేతి పాఠం, మన వైజాగ్ కుర్రాళ్ళకి

విశాఖలో బేస్ గిటార్ పట్టిన కుర్రాళ్ళకి అమెరికన్ బేస్ విద్వాంసుడు జాకో పాస్టోరియస్ పేరు కొత్తేమీ కాదు. చర్చి క్వయర్‌లో వాయించేవాళ్ళు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల వాళ్ళు, కాలేజీ ఫెస్టుల్లో స్టేజీ ఎక్కేవాళ్ళు ఆయన సోలోలు ఫోన్లో చూస్తూనే ఉంటారు. చూడగానే రెండు కోరికలు పుడతాయి. అంత వేగంగా వాయించాలని ఒకటి, తమ గిటార్ ఫ్రెట్లు, అంటే మెడ మీది లోహపు మెట్లు, ఆయనలాగే పీకించేయాలని రెండోది. రెండూ తొందరపాటే. జాకో దగ్గర ముందు నేర్చుకోవాల్సింది పలికిన స్వరాన్ని ఎక్కడ ఆపాలన్నది. ఈ మాట ఈ పత్రికలో చెప్పడానికి కారణం ఉంది. సంక్రాంతి సెలవులకి విదేశాల నుంచి ఊరొస్తూ మేనల్లుడికో, అన్నయ్య కొడుక్కో బేస్ తెచ్చిపెట్టేది మీలో చాలామందే.

జాకో 1951లో పెన్సిల్వేనియాలో పుట్టి ఫ్లోరిడాలో పెరిగారు. మొదట వాయించింది డ్రమ్స్. 13 ఏళ్ళ వయసులో ఫుట్‌బాల్ ఆడుతూ మణికట్టు దెబ్బతినడంతో బేస్ వైపు మళ్ళారు. 1976లో సొంత పేరుతో తొలి ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడే వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందంలో చేరారు. మరుసటి ఏడు ఆ బృందం విడుదల చేసిన ‘హెవీ వెదర్’లో ‘టీన్ టౌన్’ అనే ట్రాక్‌కి బేస్‌తోపాటు డ్రమ్స్ కూడా ఆయనే వాయించారు. ఆయన బేస్ ఒక్కటే విన్నా డ్రమ్స్‌లోని కిక్ ఎక్కడ పడుతుందో, స్నేర్ ఎక్కడ పడుతుందో తెలిసిపోవడానికి కారణం ఇదే.

పిల్లలు వేగాన్నే పట్టుకుంటున్నారంటే తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకి వినిపిస్తున్నదే అది. బేస్‌లో అడుగు తీగ ‘ఇ’ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ స్పీకర్ అంత మంద్రానికి దిగలేదు. దాంతో కింది స్వరాల అసలు బరువు పోయి పైఛాయలు మాత్రం మిగులుతాయి. పై తీగల మీద పరుగులు, హార్మోనిక్స్ (తీగని నొక్కకుండా తాకితే వచ్చే గంటలాంటి స్వరాలు) మాత్రం తేటగా వినిపిస్తాయి. గాయకుల వెనక జాకో చేసిన పని పూర్తిగా చెవి దాటిపోతుంది. వైరున్న మంచి హెడ్‌ఫోన్ ఒకటి కొనిపెట్టండి. తన బేస్‌ని కూడా అందులోనే వింటూ సాధన చేయాలంటే బ్లూటూత్ పనికిరాదు. మీటిన క్షణానికీ, వినిపించిన క్షణానికీ మధ్య ఎడం వచ్చి లయ చెడుతుంది.

ఆ హెడ్‌ఫోన్‌తో ముందు తొలి ఆల్బమ్‌లో సామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట పాడిన ‘కమాన్, కమ్ ఓవర్’ వినమనండి. కుడిచెయ్యి బీట్‌కి నాలుగేసి దెబ్బల లెక్కన నడుస్తూనే ఉంటుంది. స్వరాలుగా పలికేవి వాటిలో కొన్నే. మిగతావి టక్‌మనే మూగ దెబ్బలు, ఘోస్ట్ నోట్స్ అంటారు. ఏ దెబ్బ పలకాలో, ఏది మూగబోవాలో నిర్ణయించేది ఎడమచెయ్యి. జాకో ప్రతిభంతా ఈ ఒక్క పాటలో దొరుకుతుందని అనడం లేదు గానీ, స్టేజీ మీద రోజూ అక్కరకొచ్చేది మాత్రం ఇదే.

సాధన ఇలా. ‘ఎ’ తీగ మీద 5వ ఫ్రెట్ నొక్కితే ‘డి’ పలుకుతుంది. మీటాక నొక్కుడు సడలించండి, వేలు మాత్రం తీగ మీంచి ఎత్తకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక్క వేలే ఆనించి ఉంచితే మూగ దెబ్బకి బదులు చిన్న గంట మోగినట్టు సన్నటి స్వరం వస్తుంది. 5, 7, 12 ఫ్రెట్ల దగ్గర తీగ సమభాగాలుగా విడిపోయి కంపిస్తుంది కాబట్టి, అక్కడ ఒక్క వేలు తగిలితే పుట్టేది హార్మోనిక్. పక్కపక్కన కనీసం రెండు వేళ్ళు, వీలైతే మూడు ఆనిస్తేనే తీగ పూర్తిగా మూగబోతుంది.

ఇక లయ కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 మీద పెట్టి, నోటితో ‘తకధిమి’ అనుకుంటూ, చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటాలి. మొదట ‘త’ మీద స్వరం, మిగతా మూడూ మూగవి. అది కుదిరాక స్వరాన్ని ‘క’ మీదికి, తర్వాత ‘ధి’, ‘మి’ల మీదికి జరపాలి. ‘క’ మీద, ‘మి’ మీద స్వరం పెట్టినప్పుడు చెయ్యి తడబడుతుంది, పక్కనున్న బీట్ వైపు లాగేస్తుంది. నాలుగు చోట్లా ఒకే బలంతో పలికేదాకా వేగం పెంచకూడదు, పెంచినా ఒకేసారి నాలుగుకి మించి వద్దు. కుడి ముంజేయి బిగుసుకుపోతుంటే బలంగా మీటుతున్నట్టు లెక్క. ఆంప్ వాల్యూమ్ పెంచి చెయ్యి తేలిక చేసుకోవాలి.

కుడి బొటనవేలికీ పని ఉంది. ‘ఇ’ తీగ మీటేటప్పుడు అది పికప్ (తీగ కంపనాన్ని పట్టే అయస్కాంతపు పట్టీ) మీద ఆనుతుంది. చెయ్యి ‘డి’, ‘జి’ తీగలకి వెళ్ళినప్పుడు బొటనవేలు కూడా వెంట దిగి ‘ఇ’, ‘ఎ’ తీగల్ని అణచాలి. లేకపోతే ముట్టుకోని తీగలు కూడా తోడు మోగుతాయి. ఇంట్లో చిన్న ఆంప్‌లో ఈ సంగతి తెలియదు. కల్యాణమండపంలో సబ్‌వూఫర్ల మీద మాత్రం పాటంతా బురదైపోతుంది, నింద సౌండ్ ఇంజనీర్ మీద పడుతుంది.

జాకో ధ్వనిలోని ఆ ముక్కు పలుకు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) పక్క పికప్‌ది, దాని మీదే మీటడం వల్ల వచ్చేది. కానీ ఆయన వాడిన రకం జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ సమానంగా తెరిచి ఉంటేనే ఒకదాని హమ్‌ని, అంటే కరెంటు గుంయ్ శబ్దాన్ని, మరొకటి కొట్టేస్తుంది. మెడ వైపున్న ముందు పికప్‌ని పూర్తిగా మూసేస్తే హమ్ మొదలవుతుంది. సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న షామియానాలో ఇంకా ఎక్కువ. ముందుదాన్ని కొద్దిగా తెరిచే ఉంచితే హమ్ తగ్గుతుంది, పలుకు పెద్దగా మారదు.

ఫ్రెట్‌లెస్, అంటే ఫ్రెట్లు లేని బేస్, విషయానికొద్దాం. జాకో వాయించింది ఫ్రెట్లు తీసేసిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్. పైన సన్నతీగ చుట్టిన గరుకు తీగలు రోజ్‌వుడ్‌ని కోసేస్తాయి కాబట్టి, వేళ్ళు నొక్కే పలక అయిన ఫింగర్‌బోర్డుకి పడవలకి వాడే ఎపాక్సీ అనే గట్టి జిగురు పూత వేశారు. పడవల మాట వినగానే మన కుర్రాళ్ళ చూపు ఫిషింగ్ హార్బర్ వైపు పోతుంది. ఫైబర్ పడవలకి సాధారణంగా వాడేది పాలియెస్టర్ రెజిన్. అది ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, నూనెగుణం ఉన్న కర్రని సరిగ్గా పట్టుకోదు, పెచ్చులూడుతుంది. అసలైన ఎపాక్సీకి కూడా మన సముద్రపు తేమతో చిక్కే: పైన జిడ్డు పొర కడుతుంది, నీళ్ళతో కడగకుండా రెండో పూత వేస్తే అతుక్కోదు. పైగా ఫ్రెట్లు తీశాక తీగలు ఫ్రెట్ల ఎత్తు మేరకి, అంటే సుమారు ఒక మిల్లీమీటరు, బోర్డుకి ఎత్తుగా ఉండిపోతాయి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు లోతు చేయకపోతే మొదటి స్వరాలన్నీ హెచ్చు శ్రుతిలో పలుకుతాయి.

ఇంత పనీ చక్కగా జరిగినా శ్రుతి సంగతి మిగిలే ఉంటుంది. 34 అంగుళాల బేస్‌లో నట్ దగ్గర ఒక అర్ధస్వరానికి దాదాపు 48 మిల్లీమీటర్ల చోటుంటే, 12వ ఫ్రెట్ దాటాక 24 మాత్రమే. వేలు 3 మిల్లీమీటర్లు పక్కకి పడితే కింద తేడా అర్ధస్వరంలో పదహారో వంతు, పైన ఎనిమిదో వంతు. ఫ్రెట్ ఉన్న బేస్‌లో వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక పడాలి, ఫ్రెట్‌లెస్‌లో సరిగ్గా గీత మీదే పడాలి. దీనికి మందు మన దగ్గరే ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన విజయనగరం సంగీత కళాశాల విశాఖకి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మెట్లు లేని వాద్యాన్ని శ్రుతిలో నిలపడం మన ప్రాంతానికి తరాలుగా తెలిసిన విద్య. ఫ్రెట్‌లెస్ కావాలనే కుర్రాణ్ణి ముందు ఒక ఏడాది వయొలిన్ గురువు దగ్గరికి పంపండి. తంబూరా శ్రుతి పెట్టుకుని ఒక్కో స్వరాన్ని నిలిపి వాయించమనండి. స్వరం కుదురుగా నిలవకముందే వేలు ఊపడం మొదలుపెడితే, ఆ ఊపు అపశ్రుతిని కప్పడానికే అలవాటవుతుంది.

జాకో తొలి ఆల్బమ్‌లోని ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’లో హార్మోనిక్స్ రావడం లేదని వాపోయేవాళ్ళకి ఒక కొలత: 4వ ఫ్రెట్ దగ్గరి హార్మోనిక్ ఫ్రెట్ మీద ఉండదు, నట్ వైపు 5 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. 3వ ఫ్రెట్ దగ్గరిది బ్రిడ్జి వైపు ఆరేడు మిల్లీమీటర్లు ముందుంటుంది. తుప్పు పట్టిన తీగ మీద రెండూ పలకవు.

జాకోకి బైపోలార్ జబ్బు ఉండేది. 1987లో ఒక క్లబ్ దగ్గర తగిలిన దెబ్బలతో 35 ఏళ్ళకే పోయారు. ఆ కష్టాన్ని కళాకారుడి లక్షణంగా పిల్లలకి చెప్పకండి. అది వైద్యం అవసరమైన జబ్బు.

ఊరొచ్చేటప్పుడు ఏం తేవాలంటే: ఫ్రెట్లున్న బేస్, పదేళ్ళ పిల్లలకైతే 30 అంగుళాలది. 45 నుంచి 105 గేజ్ స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు రెండు సెట్లు, ఉప్పుగాలికి నికెల్ పూత తీగల కంటే అవి నయం. ట్రస్ రాడ్‌కి (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీకి) సరిపోయే కీ. అమెరికా ఆంప్ తెస్తే వెనక వోల్టేజి స్విచ్ ఉందో లేదో చూడండి. 120 వోల్టులకే చేసినదాన్ని మన 230లో పెడితే అదే ఆఖరు. ఇంటికి చేరాక బేస్ సంచిని కొన్ని గంటలు మూసే ఉంచి తర్వాత తీయండి. రెండు రోజులు పోయాక శ్రుతి చేసి, ‘ఇ’ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, 8వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత, అంటే 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఎక్కువుంటే రాడ్‌ని పావు చుట్టు మాత్రమే బిగించి, మర్నాడు మళ్ళీ చూడండి.