కరెంటు పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోతే వైద్యం అయిపోదు

మా పాపకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి. బిగుసుకున్న కాలికి కరెంటు చికిత్స అని ఫిజియోథెరపీకి తీసుకెళ్తే పిక్క మీద రెండు ప్యాడ్‌లు అతికించేవారు. మెషిన్ ఆన్ చేసి, "20 నిమిషాలు కదలకుండా చూసుకోండి సర్" అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు. వారానికి మూడు రోజులు, ఏడాదికి పైగా ఇదే తంతు. నేను పాప పక్కనే కూర్చుని గడియారం చూసేవాణ్ణి. మెషిన్ బీప్ కొట్టగానే ప్యాడ్‌లు తీసి, జెల్ తుడిచి, బూట్లు తొడిగి బయటికి తెచ్చేవాణ్ణి. పాప ఎప్పటిలాగే మునివేళ్ల మీదే నడిచి వచ్చేది.

ఆ ఏడాదిలో నేను ఒక్కసారి కూడా "ఈ ప్యాడ్‌లు ఇక్కడే ఎందుకు పెడుతున్నారు?" అని అడగలేదు. కరెంటు పెట్టించుకొస్తున్నాం కదా, ఏదో ఒక వైద్యం జరుగుతోంది కదా అని మనసుకి ఒక ధైర్యం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ఇళ్లలో ఈ ధైర్యం కోసం ఎంత సమయం ధారపోస్తామో మనకే తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. కరెంటు చికిత్స దండగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. దాన్ని ఒక పనికి ముడిపెట్టకుండా, ఊరికే పెట్టి వదిలేసే పద్ధతి మీద నా కోపం.

తర్వాత వెళ్ళిన చోట ఒక ఫిజియోథెరపిస్ట్ మెషిన్ జోలికే పోకుండా ముందు పాప కాలు చేతిలోకి తీసుకున్నారు. మోకాలు చాపి ఉంచి, పాదాన్ని చాలా నెమ్మదిగా పైకి వంచారు. కొంత దూరం వచ్చి ఆగింది. కాసేపు ఆగి, ఈసారి అదే పాదాన్ని చటుక్కున వంచారు. ముందు ఆగిన చోటికి చాలా ఇవతలే, ఎవరో పట్టుకుని గుంజినట్టు టక్కున ఆగిపోయింది. "చూశారా? వేగంగా వంచితే ఇక్కడ పట్టేసింది. నెమ్మదిగా వంచితే అక్కడిదాకా వచ్చింది. ఈ రెంటికీ మధ్య ఉన్నది నరాల వల్ల వచ్చే బిగుతు. నెమ్మదిగా వంచినా ఇంక రానిది కండరం పొట్టిదైపోవడం" అన్నారు. రెండు నిమిషాలు పట్టింది. ఏడాదిలో నాకెవరూ చెప్పని విషయం అది.

ఈ తేడా తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు, కాస్త ఓపిగ్గా చదవండి. సెరిబ్రల్ పాల్సీలో దెబ్బ తిన్నది మెదడు. కండరాన్ని లాగితే అది తిరిగి బిగుసుకోవడం వెన్నుపాము చేసే మామూలు పని, అందరిలోనూ ఉంటుంది. అది మరీ ఎక్కువ కాకుండా మెదడు పైనుంచి అదుపు చేస్తూ ఉంటుంది. ఆ అదుపు తగ్గినప్పుడు కండరం అతిగా స్పందిస్తుంది, ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా బిగుస్తుంది. స్పాస్టిసిటీ అనేది దీన్నే. 1980లో జేమ్స్ లాన్స్ అనే న్యూరాలజిస్ట్ ఇచ్చిన నిర్వచనంలో కూడా కీలకం ఈ వేగమే. ఇక రెండోది వేరే కథ. పిల్లలు ఎదుగుతుంటే ఎముక పొడుగవుతుంది, బిగుసుకుని ఉండే కండరం ఆ పొడుగుని అందుకోలేదు. మెదడులోని దెబ్బ పెరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ పాదం మరింత బిగుసుకుపోయేది ఇందుకే. పొట్టిదైపోయిన కండరాన్ని కరెంటు పొడుగు చేయలేదు. దానికి వరుసగా ప్లాస్టర్ కట్లు మార్చే పద్ధతి, పాదాన్ని సరైన స్థితిలో పట్టి ఉంచే స్ప్లింట్‌లు, కొందరికి ఆపరేషన్ ఉన్నాయి. మా పాపకి అప్పటికే రెండోది బాగా ముదిరింది. మేము మాత్రం ఏడాదిగా కరెంటు పెట్టించుకుంటూ కూర్చున్నాం.

సరే, కరెంటు చేసేదేమిటి మరి? ఆయన ప్యాడ్‌లు పిక్క మీద పెట్టలేదు. ముందువైపు, మోకాలి కింద ఎముక పక్కన ఉండే కండరం మీద పెట్టారు. పాదాన్ని పైకెత్తేది ఆ కండరమే. దానికి పని చెబితే, వెన్నుపాము ఎదురుగా ఉన్న పిక్క కండరాన్ని కాస్త వదులుకమ్మని చెబుతుంది. ఒకటి పనిచేసేటప్పుడు దాని ఎదురుది తగ్గడం ఒంట్లో పుట్టుకతో ఉన్న ఏర్పాటు. బిగుసుకున్న కండరం మీదే పెట్టే పద్ధతీ ఉంది. అది తప్పని నేననను, బలహీనంగా ఉన్న పిక్కకి బలం కోసం పెడతారు. కానీ ఎందుకు పెడుతున్నారో పెట్టేవాళ్ళు చెప్పగలగాలి.

కరెంటు పెరుగుతుంటే పాప బొటనవేలు ముందు చిన్నగా అదిరింది. తర్వాత పాదమంతా దానంతటదే లేచింది. పాప కళ్ళు పెద్దవి చేసి, "నాన్నా, నేను లేపలేదు, అదే లేచింది" అంది. ఆయన వెంటనే, "ఈసారి అది లేపేటప్పుడు నువ్వూ లేపు" అన్నారు. అసలు వైద్యం ఆ మాటలో ఉంది. మెషిన్ లేపుతుంటే పిల్ల తనంతట తాను ప్రయత్నించాలి, ఆ వెంటనే లేచి నిలబడి అడుగులు వేయాలి. బిగుతు తగ్గినా అది కాసేపే. ఆ కాసేపట్లో పని చేయించకపోతే ఆ సమయం అలా కరిగిపోతుంది. మేము ఏడాదిపాటు ఆ సమయాన్ని బూట్లు తొడగడానికి వాడాం.

నడుస్తుండగా కాలు గాల్లోకి లేచే క్షణంలోనే కరెంటు వచ్చేలా చేసే పరికరాలూ ఉన్నాయి. మడమ కింద స్విచ్‌తోనో, కాలు వంపుని పసిగట్టే సెన్సర్‌తోనో పనిచేస్తాయి. తొడుక్కున్నంతసేపు పాదం ఈడ్వకుండా లేవడానికి సాయం చేస్తాయి. తీసేశాక కూడా అలాగే లేస్తుందని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం నమ్మకండి.

ఇంకో సంగతి. మెషిన్ పెట్టిన కండరం మామూలుగా కంటే త్వరగా అలిసిపోతుంది. మనం మామూలుగా కదిలినప్పుడు కండరంలోని పోగులు వంతులవారీగా పనిచేస్తాయి. కరెంటు ఒకే పోగుల్ని ఒకేసారి, మళ్ళీ మళ్ళీ లాగుతుంది. ఎక్కువసేపు పెడితే ఎక్కువ మంచిది అనుకునే అమ్మానాన్నలు ఇది గుర్తుపెట్టుకోండి.

రాత్రంతా నిద్రలో సన్నగా కరెంటు పెట్టి ఉంచే పద్ధతి 1990లలో బాగా వినిపించింది. కెనడాకి చెందిన డాక్టర్ కారెన్ పేప్ దాన్ని ముందుకు తెచ్చారు. కండరం కదలనంత తక్కువ కరెంటు అది. దాని మీద 2001లో 12 మంది పిల్లలతో చేసిన ఒక అధ్యయనం వచ్చింది. దాదాపు తల్లిదండ్రులందరూ తమ బిడ్డలో మార్పు కనిపించిందన్నారు. కొలిచి చూస్తే కదలికలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేనూ ఆ తల్లిదండ్రుల్లాంటివాణ్ణే. "కొంచెం వదులైనట్టుంది కదా" అని మా ఆవిడతో ఎన్నిసార్లు అన్నానో! అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా కనిపించింది. ఆశ పెట్టుకున్న కళ్ళకి అలాగే కనిపిస్తుంది.

అందుకే కొలత కావాలి. మొదలుపెట్టే ముందు పాదం ఎన్ని డిగ్రీలు వస్తోందో నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి కొలిచి రాయించుకోండి. ఒకే చోట, ఒకే దూరం నుంచి నడక వీడియో తీయండి. ఆరు, ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ అదే మనిషితో కొలిపించండి. తేడా లేకపోతే ఆపేయమని అడగండి, మొహమాటపడకండి. ఫిట్స్ ఉన్నా, ఒంట్లో పేస్‌మేకర్, షంట్ (మెదడులో చేరే నీటిని మళ్ళించే గొట్టం), బాక్లోఫెన్ పంప్ (బిగుతు తగ్గించే మందుని వెన్నులోకి పంపే పరికరం) లాంటివి ఉన్నా ప్యాడ్ అంటించే ముందే చెప్పాలి.

2013లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ (సీపీ) పిల్లలకిచ్చే 64 రకాల చికిత్సల్ని పరిశీలించి ట్రాఫిక్ లైట్ల రంగుల్లో విడదీసింది. బిగుతుకి బొటాక్స్ ఇంజెక్షన్, కట్లు, ఒక లక్ష్యం పెట్టుకుని చేసే సాధన, ఇంట్లో చేసే వ్యాయామం, తుంటి మీద కన్నేసి ఉంచడం ఆకుపచ్చలో, అంటే పనిచేస్తాయని గట్టి ఆధారాలున్న వాటిలో ఉన్నాయి. కరెంటు అందులో లేదు.

ఆ తుంటి మాట వింటేనే నాకు గుండె దడ. సీపీ ఉన్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి తుంటి ఎముక గూటిలోంచి మెల్లగా జరుగుతుంది. నడవలేని పిల్లల్లో ఇంకా చాలా ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, పైకి ఏమీ కనిపించదు, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. మాకు ఆ ఏడాదిలో ఒక్క ఎక్స్‌రే కూడా రాయలేదు. కరెంటు మెషిన్ ముందు కూర్చున్న గంటలన్నీ లెక్కేసుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అదృష్టం కొద్దీ మా పాప తుంటి బాగానే ఉంది. కానీ మీ బిడ్డ విషయంలో అదృష్టాన్ని నమ్ముకోకండి. తుంటి ఎక్స్‌రే గురించి ఈ వారమే డాక్టర్ని అడగండి.

ఇంకొక్కటి, పిల్లల్ని అడగడం. మొదటిచోట పాప "చీమలు కుడుతున్నాయి" అని ఏడిస్తే "అలవాటైపోతుందిలే" అన్నారు, నేనూ అన్నాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండోచోట కరెంటు పెంచే బటన్ పాప చేతికే ఇచ్చారు. ఎంతవరకు ఓర్చుకోగలదో తనే పెంచుకుంటుంది, వద్దనిపిస్తే తనే తగ్గిస్తుంది.

ముందు కట్లు వేయించాం, వారానికోసారి మార్చారు. తర్వాత స్ప్లింట్ ఇచ్చారు. ఇప్పుడు కరెంటు రోజుకి పది నిమిషాలే, అదీ నిలబడి, గోడకి అంటించిన బొమ్మని పాదంతో తాకే ఆట ఆడుతూ. మొన్న కొలిస్తే నెమ్మదిగా వంచినప్పటి కొలత ఎనిమిది డిగ్రీలు పెరిగింది. అది ఎక్కువగా కట్ల పుణ్యమే అని ఆయనే చెప్పారు. కరెంటు ఖాతాలో వేయలేదు.