సమాధుల మధ్య కూడా పార్టీ గొడవేనా?

2025 మెమోరియల్ డే నాడు అమెరికాలోని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ట్రంప్ ఇచ్చిన స్పీచ్ క్లిప్ మా గ్రూపులో పడేసి, కింద "దంచేశాడు" అని రాశాడొకడు. ఎవర్ని దంచాడయ్యా? మెమోరియల్ డే అంటే యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే రోజు.

ఆ రోజు పొద్దున్నే ట్రంప్ పెట్టిన పోస్టు చూశారుగా? అంతా క్యాపిటల్ లెటర్స్‌లో. గత నాలుగేళ్లు, అంటే బైడెన్ హయాంలో, దేశాన్ని నాశనం చేయాలని చూసిన చెత్తగాళ్లకి కూడా శుభాకాంక్షలట! యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆ రోజు ఫోన్ తెరిస్తే కనిపించాల్సింది ఇదా? ఆవిడ ఎవరికి ఓటేసిందో ఎవడికి కావాలి? తర్వాత ఆర్లింగ్టన్ వెళ్లాడు. అమరుల గురించి బాగానే మాట్లాడుతూ, మధ్యలో మళ్లీ ఆ నాలుగేళ్లు, సరిహద్దు, ఆఖరికి వరల్డ్ కప్, ఒలింపిక్స్ తన హయాంలోనే వస్తున్నాయన్న సంబరం!

ఆ వేదిక చుట్టూ ఏముందో తెలుసా? 2,60,000కు పైగా సమాధి రాళ్లు. ఓల్డ్ గార్డ్ అనే సైనిక దళం కుర్రాళ్లు ఆ ముందు గురువారమే వచ్చి, ఒక్కో రాయికి బూటు ఆనించి, సరిగ్గా బూటంత దూరంలో చిన్న జెండా గుచ్చి వెళ్లారు. ఏ రాయి దగ్గరా ఇతనిది ఏ పార్టీ అని అడగలేదు. ఆ కుర్రాళ్లకున్న ఇంగితం అధ్యక్షుడికి ఉండక్కర్లేదా?

వెంటనే "మరి బైడెన్?" అంటారు. 2021లో అక్కడే నిలబడి, మన దేశంలో కూడా ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందన్నాడు. ఎవర్ని ఉద్దేశించో అందరికీ అర్థమైంది. అదీ నాకు నచ్చలేదు. కానీ తోటి పౌరుల్ని చెత్త అనలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. 1863లో అంతర్యుద్ధంలో దేశం రెండుగా చీలి కొట్టుకు చస్తుంటే, గెటిస్‌బర్గ్‌లో సైనిక శ్మశానం దగ్గర అప్పటి అధ్యక్షుడు లింకన్ రెండు నిమిషాలు మాట్లాడాడు. అవతలి పక్షాన్ని ఒక్క మాట తిట్టలేదు.

అసలు నా కడుపుమంట ఆ రోజుది కాదు. 2024 ఆగస్టులో అదే ఆర్లింగ్టన్‌లో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో పోయినవాళ్లున్న సెక్షన్ 60కి ట్రంప్ ఎన్నికల ప్రచార బృందం కెమెరాలతో వెళ్లింది. సైనిక శ్మశానాల్లో ఎన్నికల ప్రచారం చట్టరీత్యా నిషేధం. ఆపబోయిన ఉద్యోగినిని పక్కకి నెట్టేశారని సైన్యమే చెప్పింది. తర్వాత టిక్‌టాక్‌లో వీడియో కూడా పెట్టుకున్నారు. ఇదే గ్రూపులో అప్పుడు కూడా "చనిపోయినవాళ్ల కుటుంబాలే పిలిచాయి, నీకేంటి నొప్పి" అన్నారు. పిలిస్తే వెళ్లాలి, పూలు పెట్టాలి, దండం పెట్టి రావాలి. ఆ ఫొటోల్లో పక్క సమాధి కూడా పడింది. వాళ్ల కుటుంబాన్ని ఎవడు అడిగాడు?