దొంగ గుడ్లగూబ గారికి

మహారాజశ్రీ బ్లూటూత్ స్పీకర్ గారికి,

తమరు నా కెమెరా బ్యాగు పక్క జేబులో క్షేమంగానే ఉన్నారు. నేనే లేను. అందుకే ఈ ఉత్తరం.

ఆరేళ్లుగా నాకు గుడ్లగూబల పిచ్చి. మొదట్లో న్యాయంగానే వెతికేవాణ్ణి. బండ మీద సున్నం ఒలికినట్టు తెల్లటి రెట్ట చారలు కనిపిస్తే పైన ఏ సందులోనో పెద్ద గుడ్లగూబ ఉన్నట్టే. కాకులు, గోరింకలు ఒక కొమ్మ చుట్టూ చేరి తిట్టిపోస్తున్నాయంటే ఆ ఆకుల్లో దొర దాక్కున్నట్టే. చెట్టు కింద ఎలుక బొచ్చు, ఎముకలు కలిసిన ఉండలు దొరికేవి. అరగనిదాన్ని గుడ్లగూబ అలా కక్కేస్తుంది. వాటిని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. (మా ఆవిడ నా ప్యాంట్లు ముట్టుకోవడం అప్పుడే మానేసింది.) పది ఆదివారాలు తిరిగితే ఒక ఫోటో, అదీ వీపు వైపు నుంచి. మెడ 270 డిగ్రీలు తిప్పగల పిట్ట, నా వైపు మాత్రం తిప్పదు.

అప్పుడు తమరు వేంచేశారు, 1,800 రూపాయలకి. ఫోన్లో కూత పెట్టి తమర్ని చెట్టు మొదట్లో కూర్చోబెడితే చాలు, అయిదు నిమిషాల్లో అసలు గుడ్లగూబ ఎదురుగా వచ్చి వాలేది. నా ఫోటోలకి లైకులే లైకులు. 'ఎంత ఓపికండీ మీకు!' అని జనం మెచ్చుకుంటుంటే వినయంగా తల వంచుకున్నాను.

అది ఫోటోకి వచ్చిందా? తన చెట్టు మీదికి ఇంకో మగాడెవడో వచ్చాడని కొట్లాటకి వచ్చింది. వేట వదిలి, తొర్రలో పిల్లల్ని వదిలి మరీ వచ్చింది. మనం బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చి పడుకున్నాం. అది మాత్రం లేని శత్రువు కోసం కాపలా కాస్తూ కూర్చుంది.

వికారాబాద్ వైపు మామిడితోటలో ఏం జరిగిందో మర్చిపోయావా? (ఇక తమరు గిమరు వద్దులే.) మాటిల్డ్ వుడ్ ఔల్ అనే గుడ్లగూబ కూత అసలే దెయ్యం వణుకుతూ నవ్వినట్టుంటుంది. ఆ చీకట్లో నువ్వు దాన్ని నాలుగుసార్లు కూసి, అయిదోసారి ఆడగొంతుతో 'బ్యాటరీ లో' అన్నావు. మర్నాడు కాపలా తాత చెట్టుకి నిమ్మకాయలు కడుతున్నాడు. "సారూ, రాత్రి గుడ్లగూబ అరిసింది. నడుమ ఇంగ్లిష్ల గూడ మాట్లాడింది" అన్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచాను. "అట్లనా" అని మాత్రం అన్నాను.

గుడ్లగూబల లోకంలో దొంగసాక్ష్యం మనతోనే మొదలైంది కాదులే. కాంగ్రెస్ స్థాపనకి ముందుండి నడిచిన ఎ.ఓ. హ్యూమ్ 1873లో ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబని లోకానికి పరిచయం చేశాడు. 1884 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. మైనెర్ట్స్‌హాగెన్ అనే దొర మాత్రం 1914లో గుజరాత్‌లో తనకి దొరికిందన్నాడు. తీరా చూస్తే, మ్యూజియంలో ఉన్న పాత పిట్టనే కొట్టేసి, కుట్లు విప్పి మళ్లీ కుట్టి, కొత్త చీటీ తగిలించాడట! ఆ చీటీని పక్కన పడేసి, పాత చోట్లలో వెతికిన పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ బృందానికి 1997లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర అసలు పిట్ట కనపడింది. అర్ధరాత్రి అడవిలో కాదు, పొద్దున్నే చెట్టు మీద కూర్చుని ఉంది. 113 ఏళ్లు! నేను అయిదు నిమిషాలు ఆగలేక నిన్ను కొన్నాను.

సరే, అసలు సంగతి. ఇక నిన్ను అడవికి తీసుకెళ్లనని ఒట్టేసుకుని, మా అమ్మకి సుప్రభాతం వినడానికి ఇచ్చాను. నిన్న పొద్దున సుప్రభాతం అయిపోయింది. ఫోన్లో ఆ తర్వాతి ఫైలు ఏముందో నీకు తెలుసు. పూజగదిలో పైడికంటె అనే చిన్న గుడ్లగూబ కూత! "ఒరేయ్, ఇంట్లోకి గుడ్లగూబ దూరిందిరా" అని అమ్మ హారతి పళ్లెం వదిలేసింది. తువ్వాలు చుట్టుకుని పరిగెత్తి నీ నోరు నొక్కాను.

అప్పటికే మా వేపచెట్టు పైడికంటె బాల్కనీ రెయిలింగ్ మీద వాలి ఉంది. జానెడు పిట్ట, పసుపు కళ్లు, ఒళ్లంతా తెల్లచుక్కలు. నాకు మూడు గజాల దూరం. కెమెరా బీరువాలో ఉంది. తాళం అమ్మ కొంగున ఉంది.

నువ్వు ఆగిపోయావు గానీ అది ఆగలేదు. పగలంతా అక్కడే మూలుగుతూ, గదిలోకి తొంగి చూస్తూనే ఉంది. ఇవాళ మళ్లీ వచ్చింది. నేను చెబితే వినడం లేదు. నీ భాషే దానికి తెలుసు కాబట్టి, నువ్వే వెళ్లి ఓడిపోయానని చెప్పు.

ఇట్లు,
నీ యజమాని