ఏడుపూ స్క్రిప్టేనా?

వారం వారం కామెడీ షోల ప్రోమోల్లో ఎవరో ఒకరు మైకు పెట్టేసి వెళ్లిపోతుంటారు. జడ్జి కళ్లు తుడుచుకుంటారు. యాంకర్ ‘కెమెరా ఆపండి’ అంటుంది, కెమెరా మాత్రం ఆగదు. తీరా ఎపిసోడ్ వచ్చాక అదంతా ప్రాంక్ అని తేలుతుంది. ఈలోగా ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం తెలుగు ఇళ్లలో ‘పాపం, నిజంగానే గొడవైందా?’ అని టెన్షన్ పడేవాళ్లు ఎందరో!

తెర వెనుక సంగతుల్ని నవ్వులాటగా చూపడం తప్పేమీ కాదు. అమెరికాలో 1992 నుంచి 1998 దాకా వచ్చిన ‘ద ల్యారీ శాండర్స్ షో’ అంతా ఒక టాక్ షో తెర వెనుక కథే. పేరున్న తారలు సొంత పేర్లతోనే నటించి, తమను తామే ఎగతాళి చేసుకున్నారు. అయితే షో భాగాన్ని వీడియో మీద, తెర వెనుక భాగాన్ని ఫిల్మ్ మీద తీశారు. బొమ్మ తీరు మారగానే ఏది వేదికో, ఏది వెనుక గదో చూసేవాళ్లకు తెలిసిపోయేది.

అంత దూరం ఎందుకు, ఒడిశాలోనే మన గంజాం జిల్లా జానపద ప్రదర్శన ప్రహ్లాద నాటకం ఉంది. నరసింహుడి ముఖపు తొడుగుకు పూజ చేస్తారు. అది తొడిగిన నటుడికి పూనకం వస్తే పట్టుకోవడానికి పక్కన మనుషులుంటారు. ఆ క్షణాన మనిషెవరో దేవుడెవరో చెప్పలేం. అయినా కథ నడిపే గాహకుడు వేదిక మీదే ఉంటాడు కనుక చూసేవాళ్లకు దారి తప్పదు.

టీవీలో ఆ గాహకుడు లేడు. ఆర్టిస్టు ఒంటి రంగు, అప్పులు, చెడిన పెళ్లి అన్నీ పంచ్‌లైపోతున్నాయి. బడిలో ఒడియా చదువుకునే మన పిల్లలు చాలామందికి ఇల్లు దాటితే తెలుగు వినబడేది టీవీలోనే. ఆ పంచ్‌లే వాళ్ల నోట పలుకుతున్నాయి. చవితి పందిళ్లలో ఆ స్కిట్లే వేస్తున్నారు. లేడీ గెటప్ వేసిన కుర్రాడు స్టేజీ దిగి, లిప్‌స్టిక్ సగం తుడుచుకునేసరికే చుట్టూ ఈలలు, చీర కొంగు లాగే చేతులు. అతని వేషం అయిపోయిందని ఒప్పుకునేవాళ్లే ఉండరు. ఇది మాకు చాలా బాధ కలిగిస్తోంది.

ఏడుపు నటనైతే ఆ సంగతి ప్రోమోలోనే పెద్ద అక్షరాలతో వేయాలి. ఆర్టిస్టు ఇంటి విషయం ఎత్తాలంటే ముందుగా అతన్ని అడగాలి, వద్దంటే మానుకోవాలి. ఇక మన పందిళ్ల కమిటీలు ఛానళ్ల కోసం చూడనక్కర్లేదు: ఈ చవితికే స్టేజీ వెనుక గడియ పడే తలుపున్న గది ఒకటి ఏర్పాటు చేసి, వేషం తీసిన పిల్లల్ని ఇంటిదాకా దింపే బాధ్యత తీసుకోవాలి.