ఫోన్‌కున్న బీగం బండికి ఎందుకు లేదు?

మా వీధికి పాలు పోసే ఆయన పోయిన ఏడాది ఒక ఆసుపత్రి ముందు బండి నిలిపి, లోపలున్న చెల్లెలికి టిఫిన్ ఇచ్చి పది నిమిషాల్లో బయటికొచ్చాడు. బండి లేదు. హ్యాండిల్ లాక్ వేసే వెళ్లాడు, తాళంచెవి జేబులోనే ఉంది. క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలతో సహా పోయింది. ఫైనాన్స్ వాళ్లకు ఇంకా పద్నాలుగు కంతులు కట్టాలి. ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. బండి పోతే అందులో పైసా రాదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన సైకిల్ మీద పాలు పోశాడు. సగం వాడికలు పోయాయి.

అనంతపురంలో ఉండేవాళ్లకు ఇది కొత్త కథ కాదు. క్లాక్ టవర్ దగ్గరో, సప్తగిరి సర్కిల్‌లోనో, ఆర్టీసీ బస్టాండ్ పక్కనో బండి పెట్టి పోతే తిరిగొచ్చేదాకా మనసంతా దాని మీదే. ఇటు బళ్లారి, అటు పావగడ, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బెంగళూరు దారి. ఎటు పోయినా రెండు గంటల్లో బండి కర్ణాటకలో ఉంటుంది. దేశం మొత్తం మీద ఏటా 2 లక్షలకు పైగా వాహన చోరీ కేసులు నమోదవుతున్నాయి. ప్రతిసారీ వినిపించే మందు ఒకటే: ఇంకొన్ని సీసీ కెమెరాలు పెట్టండి. కెమెరా దొంగ ముఖం చూపిస్తుంది, అదీ వాడు హెల్మెట్ పెట్టుకోకపోతే. బండిని మాత్రం ఆపదు. బండిని ఆపేది బండిలోనే ఉండాలి.

ఈ మాట నాకు గుత్తి రోడ్డులోని ఒక మెకానిక్ షెడ్డులో అర్థమైంది. నా బండి సర్వీసుకిచ్చి కూర్చున్నప్పుడు అడిగా, దొంగలు అంత తొందరగా ఎట్లా తీసుకుపోతారని. ఆయన మాటతో చెప్పలేదు. తాళంచెవి నా చేతికిచ్చి, లాక్ వేసిన నా బండి హ్యాండిల్‌ను మోకాలు ఆనించి ఒక్క గుంజు గుంజాడు. లోపల టక్కుమంది. హ్యాండిల్‌ను పట్టి ఉంచేది చిన్న పిన్ను, అంతే. తర్వాత హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టి ఒక సాకెట్ ఊడదీసి, రెండు వైర్లు కలిపాడు. న్యూట్రల్ లైటు పచ్చగా వెలిగింది. కిక్ కొట్టాడు. ఇంజిన్ స్టార్టయింది. నిమిషం కూడా పట్టలేదు. లాక్ వేశానన్న ధీమాతో ఆ బండిని నేను ఆరేళ్లు ఎక్కడెక్కడో వదిలిపెట్టి తిరిగాను.

తర్వాత తన సొంత బండి తెచ్చి అదే పని చేశాడు. హ్యాండిల్ తిరిగింది, న్యూట్రల్ లైటు వెలిగింది, హారన్ మోగింది. కిక్ పది సార్లు కొట్టినా ఇంజిన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఎక్కడో లోపల, చెయ్యి అలవాటైనవాడికి తప్ప దొరకని చోట గోరంత స్విచ్ ఒకటి ఆఫ్‌లో ఉంది. "దొంగకు ఇది స్విచ్ పని అని తెలీదన్నా. బండి రిపేరనుకుంటాడు. రిపేరు బండిని ఎవడు తోసుకుపోతాడు?" అన్నాడు.

ఇంజిన్‌ను కదలనివ్వని ఇలాంటి దాచిన స్విచ్‌నే కిల్ స్విచ్ అంటారు. దాని గుట్టంతా ఆ మాటలోనే ఉంది. దొంగకు కావాల్సింది టైమ్. గొలుసు వేస్తే అది కనిపిస్తుంది, కనిపించేదాన్ని కోయడానికి కట్టర్ తెచ్చుకుంటాడు. కనిపించని దానికి ఏం తెచ్చుకోవాలి? హ్యాండిల్ మీద కంపెనీ ఇచ్చిన ఎర్ర స్విచ్ చిన్నపిల్లలకు కూడా తెలుసు, అది లెక్కలోకి రాదు. దాచిన స్విచ్ ప్రతి బండిలో వేరే చోట ఉంటుంది. మెకానిక్ చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ.

అయితే అది ఏ వైరుకు పెట్టారన్నది ముఖ్యం. స్టార్టర్ మోటారుకు మాత్రమే పెడితే, కిక్ ఉన్న బండికి అది ఉన్నా లేనట్టే. గేర్ల బండిని నెట్టి కూడా స్టార్ట్ చేయొచ్చు. వాటికి ప్లగ్గుకు కరెంటు పంపే సీడీఐ లైన్‌కో, 2020 ఏప్రిల్ తర్వాత కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లలోనైతే పెట్రోల్ పంపుకు కరెంటు కలిపే రిలేకో పెట్టాలి. గేర్లు లేని స్కూటర్ సంగతి వేరు. దాన్ని ఎంత నెట్టినా స్టార్ట్ కాదు. కాబట్టి కిక్ లేని స్కూటర్‌కు స్టార్టర్ లైన్‌లో పెట్టినా చాలావరకు సరిపోతుంది. పైగా నడుస్తుండగా ఆ వైరు వదులైనా ఇంజిన్ ఆగదు. ట్రాక్టర్ ఉన్న రైతులు ఇంకా జాగ్రత్త పడాలి. ఒక ట్రాక్టర్ తాళంచెవి ఇంకో ట్రాక్టర్‌కు పట్టడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. పాత పంపు ఉన్న డీజిల్ ఇంజిన్ ఒకసారి స్టార్టయితే బ్యాటరీ లేకపోయినా నడుస్తుంది. అక్కడ బ్యాటరీ స్విచ్‌తో పాటు డీజిల్ పైపుకు తాళం పడే వాల్వు కూడా ఉండాలి.

స్విచ్ పెట్టించే ఓపిక లేనివాళ్లు కనీసం రాత్రిపూట మెయిన్ ఫ్యూజు తీసి ఇంట్లో పెట్టుకోండి. పాత కార్బొరేటర్ బండికి పెట్రోల్ కాక్ ఆపేయండి. కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు అయిపోగానే వీధి మలుపులోనో, ఆ పైనో ఆగిపోతుంది. ఆర్సీ కాగితం డిక్కీలో పెట్టకండి. బండితో పాటు కాగితం కూడా చేతికిస్తే దొంగకు అమ్మడం సులువు. చెకింగ్‌లో డిజీలాకర్ చూపిస్తే చాలు. రెండో తాళంచెవి ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లను క్లెయిమ్‌లో రెండు తాళంచెవులూ అడుగుతారు.

కంపెనీ వైరింగ్ మీద చెయ్యి వేస్తే వారంటీ పోతుందని, జాయింటు సరిగా లేకపోతే రోడ్డు మధ్యలో ఇంజిన్ ఆగిపోతుందని షోరూమ్ వాళ్లు చెబుతారు. నిజమే. వైర్లు మెలేసి టేపు చుట్టే మెకానిక్ దగ్గరకు పోకూడదు. జాయింటుకు టంకం వేసి, పైన స్లీవ్ తొడిగి, ఒరిజినల్ రిలే వాడే చెయ్యి కావాలి. ట్రాలీ ఆటోలో ఎత్తుకుపోతే స్విచ్ ఏం చేస్తుందని ఇంకొందరు అంటారు. ఏమీ చేయదు. కానీ పట్టపగలు ఆసుపత్రి ముందు బండిని ట్రాలీలోకి ఎత్తడానికి నలుగురు మనుషులు కావాలి, చుట్టూ నలభై కళ్లు ఉంటాయి. పాలాయన బండిని తీసుకుపోయింది మాత్రం ఒక్కడే.

వారంటీ అని బెదిరించే కంపెనీలను నేను అడగాల్సింది ఒకటుంది. పదివేల రూపాయల ఫోన్ పోతే దొంగ దాన్ని తెరవలేడు. 2023లో దేశమంతా అందుబాటులోకి వచ్చిన ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఆ ఫోన్ గుర్తింపు నంబరు (ఐఎంఈఐ) బ్లాక్ చేస్తే అందులో ఏ సిమ్మూ పనిచేయదు. లక్ష రూపాయల బండిని మాత్రం రెండు వైర్లు కలిపి నడుపుకుపోవచ్చు. అదే బండికి బ్లూటూత్ మీటరు ఉంది, ఫోన్ చార్జర్ ఉంది. తాళంచెవిలో చిప్ లేదు. అది పెట్టడం తెలియక కాదు. చిప్ కోడ్ కలిస్తే తప్ప ఇంజిన్ కదలనివ్వని ఇమ్మొబిలైజర్‌ను కొత్త కార్లకు బ్రిటన్ 1998లో, ఆస్ట్రేలియా 2001లో, కెనడా 2007లో తప్పనిసరి చేశాయి. నెదర్లాండ్స్‌లో దాని వల్ల కారు దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని అక్కడి ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

పెట్టకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది. మన పెనుకొండలో 2019 నుంచి కార్లు చేస్తున్న కియా, దాని సోదర సంస్థ హ్యుందాయ్ అమెరికాలో కొన్నేళ్లు అమ్మిన కార్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. అవి పెనుకొండలో చేసిన కార్లు కావు. 2021, 2022లో అక్కడి కుర్రాళ్లు వీడియోలు చూసి యూఎస్‌బీ కేబుల్‌తో వాటిని ఎత్తుకుపోయారు. కార్లు పోయినవాళ్లు కోర్టుకెక్కితే 2023లో ఆ కంపెనీలు దాదాపు 20 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నాయి. అమెరికాలో కారు యజమాని కంపెనీని నిలదీయగలిగాడు. ఇక్కడ పాలాయన ఎవరిని నిలదీయాలి?

మన దగ్గర కార్లలో చాలావాటికి ఆ చిప్ వచ్చేసింది. బైకుల్లో ఖరీదైన కొన్ని మోడళ్లకే దక్కింది. అంటే కారు కొనగలిగినవాడి ఆస్తికి గట్టి బీగం, కంతుల మీద బండి కొని దాని మీదే బతికేవాడికి చిన్న పిన్ను. నాకు కడుపు మండేది ఇక్కడే. కూరగాయలు అమ్మేవాళ్లకు, మేస్త్రీలకు, పార్సిళ్లు పంచే పిల్లలకు బండే పొలం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి చేశారు. బండి ఎవరిదో చెప్పే ప్లేటును చట్టంతో పెట్టించగలిగిన ప్రభుత్వం, ఆ బండిని దొంగ కదిలించకుండా ఆపే చిప్‌ను ఎందుకు పెట్టించలేదు? స్టేషన్లలో ఎఫ్ఐఆర్‌లు రాసి రాసి అలిసిపోతున్న పోలీసులు కూడా అడగాల్సిన ప్రశ్న ఇది. మన ఎంపీలు ఒక్కసారైనా పార్లమెంటులో దీన్ని లేవనెత్తాలి.

అది జరిగేదాకా గుత్తి రోడ్డు మెకానిక్ చెయ్యే మనకు దిక్కు. పాలాయన సంక్రాంతి తర్వాత సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. కొన్న రోజే దాన్ని ఆ షెడ్డుకు తోలుకుపోయాడు. స్విచ్ ఎక్కడ పెట్టించాడో ఆయనకూ, ఆయన భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు పొద్దున మా గేటు ముందు క్యాన్ దించేటప్పుడు కూడా ఒక చెయ్యి ఎక్కడికో పోయి వస్తుంది.