మందు మోతాదు మారితే కోత గడువూ మారాలి

ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి విశాఖ రైతుబజార్లకు వచ్చే బెండ, వంగ, బీర ఎంత తాజావో కొనేవారు చేత్తో పట్టుకుని చెప్పగలరు. వాటిపై చివరిసారి పురుగుమందు ఎప్పుడు కొట్టారో, ఎంత కలిపారో తెలుసుకునే దారి మాత్రం లేదు.

కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలన్న లెక్క, సిఫారసు చేసిన మోతాదునే వాడారన్న నమ్మకం మీద వేసినది. మోతాదు పెరిగితే ఆ గడువు చాలదు. ఒక మందు ప్రతి రెండు రోజులకూ సగానికి తగ్గుతుందనుకుందాం. కొట్టిన నాడు కిలో కాయల్లో 2 మిల్లీగ్రాములుంటే, తినే కాయలో మించకూడని 0.5 మిల్లీగ్రాముల పరిమితికి దిగడానికి నాలుగు రోజులు పడుతుంది. రెట్టింపు కొడితే ఆరు రోజులు. బెండ తోటలో అన్నాళ్లు ఎవరు ఆగగలరు? రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరిపోతుంది. పాత అవశేషం పోకముందే మళ్లీ కొడితే కొత్తది దానికి తోడవుతుంది.

ఇందుకు రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. పెట్టుబడి పోతుందన్న భయంతో పంపులో మరో మూత మందు పోస్తాడు. ఆ సలహా ఇచ్చేది చాలాచోట్ల మందు అమ్మే దుకాణమే. సీసా మీది అక్షరాలేమో చత్వారం వచ్చిన కళ్లకు ఆననంత చిన్నవి. పురుగు ఆ మందుకు అలవాటు పడిపోతే ఎంత పోసినా చావదు, అవశేషం మాత్రం కాయలో మిగులుతుంది.

ఉప్పునీళ్లతో కడిగితే చాలన్న ధీమా కూడా వద్దు. పైన అంటినది కొంత పోతుంది. మొక్క లోపలికి పాకే అంతర్వాహిక మందులు కాయ కండలోనే ఉంటాయి.

నిబంధనలకు కొదవ లేదు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్రం 2005లోనే ఆదేశించింది. ఏ పంటలో ఏ మందు ఎంత మించరాదో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. కొరవడినది పొలం గట్టున, బజారు గేటు వద్ద పర్యవేక్షణ.

మందు అమ్మిన ప్రతి బిల్లు మీద పంట పేరు, పంపుకు ఎన్ని మిల్లీలీటర్లు, కోతకు ఎన్ని రోజులు ఆగాలో పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలని మేము కోరుతున్నాం. సీసాతో పాటు కొలత గ్లాసు ఇవ్వాలి. రైతుబజార్లలో తరచూ నమూనాలు తీసి, ఫలితాలను ధరల బోర్డు పక్కనే పెట్టాలి. పరిమితి దాటిన సరుకు దొరికితే, జరిమానా కాగితం కంటే ముందు రైతు సేవా కేంద్రం సిబ్బంది ఆ తోటకు వెళ్లి, పంపులో ఏం కలుపుతున్నారో చూడాలి. ఆ మందు అమ్మిన దుకాణాన్నీ తనిఖీ చేయాలి.